ఏవియరీ అటార్నీ: ఓడిపోయే వీలున్న కోర్టు ఆట గురించి మీ అభిప్రాయాలు చెప్పండి

పాతబొమ్మలు రాశారు:

ఏవియరీ అటార్నీ ఆటను మూడు ముగింపులతో సహా పూర్తి చేశాక ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఇంకా ఆడనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. కథ 1848 నాటి పారిస్‌లో జరుగుతుంది. అక్కడ మనుషులకు బదులు కోట్లు, టోపీలు, గౌనులు వేసుకున్న పక్షులూ జంతువులూ తిరుగుతుంటాయి. జేజే ఫాల్కన్ అనే డేగ ముద్దాయిల తరఫున వాదించే లాయరు, స్పారోసన్ అనే పిచ్చుక ఆయన సహాయకుడు, ప్రాసిక్యూషన్ తరఫున నిలబడేది కొకోరికో అనే కోడిపుంజు. స్కెచీ లాజిక్ అనే చిన్న బృందం కిక్‌స్టార్టర్‌లో జనం ఇచ్చిన సొమ్ముతో ఈ ఆటను తయారుచేసి 2015 డిసెంబరులో కంప్యూటర్లకు విడుదల చేసింది. 2020 జనవరిలో అది నింటెండో స్విచ్ అనే ఆట యంత్రానికి కూడా వచ్చింది.

నన్ను ఈ ఆట వైపు లాగింది బొమ్మలు. తెర మీద కనిపించే పాత్రలన్నీ గ్రాన్‌విల్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1840 ప్రాంతంలో గీసిన బొమ్మలే. ఆయన 1803లో నాన్సీ నగరంలో పుట్టారు. మొదట్లో రాజకీయ వ్యంగ్య చిత్రాలు వేసేవారు. 1835 సెప్టెంబరు చట్టాలతో బొమ్మల మీద ముందస్తు సెన్సారు వచ్చి పడ్డాక పుస్తకాల బొమ్మల వైపు మళ్లారు. జంతువుల తలకాయలతో మనుషుల సమాజాన్ని గీసిన ఆయన ప్రసిద్ధ సంపుటం 1842 నాటికి పూర్తయింది. కొయ్యపలక మీద చెక్కి అచ్చువేసిన ఆ సన్నని అడ్డగీతలు ఆటలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఫాల్కన్ కోటు భుజం దగ్గర, మడత పడిన చోట గీతలు ఒకదానికొకటి దగ్గరై నల్లబడడాన్ని కాసేపు ఆగి చూడండి. ఆ బొమ్మలనే ముక్కలుగా కత్తిరించి రెక్క, ముక్కు, చెయ్యి వేర్వేరుగా కదిలేలా అతికారు కాబట్టి ఆట నడుస్తుంటే మన తోలుబొమ్మలాట చూస్తున్నట్టే ఉంటుంది.

అయితే నేను చర్చకు పెట్టదలచినది బొమ్మల సంగతి కాదు. ఈ ఆటలో మనం కేసు ఓడిపోవచ్చు, ఓడినా కథ ఆగదు. విచారణ తేదీకి ముందు కొన్ని రోజులే చేతిలో ఉంటాయి, పటంలో ఒక చోటికి వెళితే ఒక రోజు ఖర్చయిపోతుంది. వెళ్లవలసిన చోటికి వెళ్లకపోతే ఆ సాక్ష్యం లేకుండానే కోర్టులో నిలబడాలి. తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చినా ఆట మనల్ని వెనక్కి పంపి మళ్లీ ప్రయత్నించమనదు, ఆ తీర్పుతోనే ముందుకు నడిపిస్తుంది. నా దృష్టిలో ఈ ఆట గొప్పతనమంతా ఈ ఒక్క నిర్ణయంలో ఉంది. మీరేమంటారు? మూడో అంకంలో ఏమి జరుగుతుందో, అసలు దోషి ఎవరో మాత్రం ఎవరూ బయటపెట్టవద్దని మనవి.

ఫీనిక్స్_అభిమాని రాశారు:

బొమ్మల గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం, కానీ మిగతా వాదనతో నేను ఏకీభవించలేను. ఈ తరహా ఆటలకు బాట వేసిన ఏస్ అటార్నీ 2001లో జపాన్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి ఆట యంత్రం మీద వచ్చింది. దర్శకుడు షు తకుమి నిర్మించిన పద్ధతి ఎంతో సరళమైనది. సాక్షి చెప్పిన ప్రతి వాక్యాన్నీ పట్టుకుని గుచ్చి అడగవచ్చు, అబద్ధం కనిపించిన చోట సరైన వస్తువును చూపించవచ్చు. ఆ వస్తువు అప్పటికే మన చేతిలో ఉంటుందన్న హామీ ఆట ఇస్తుంది. ఆ హామీ ఉన్నందువల్లనే ఆటగాడు నిశ్చింతగా తన బుర్రకు పని పెట్టగలడు, చిక్కు విడకపోతే లోపం తన ఆలోచనలోనే ఉందని నమ్మగలడు.

ఏవియరీ అటార్నీ ఆ హామీని తీసివేసింది. పటంలో నాలుగు చోట్లు కనిపించినప్పుడు ఏది ముఖ్యమో, ఏది సరదా సంభాషణతో ముగిసిపోతుందో ముందుగా తెలుసుకునే దారి చాలాసార్లు ఉండదు. అటువంటప్పుడు కోర్టులో ఓడిపోతే అది తర్కంలో ఓటమి అనిపించదు, చీటీ తీసి ఓడినట్టు ఉంటుంది. ఎంపికకు ఫలితం ఉండాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. ఆ ఎంపిక చేయడానికి తగిన ఆధారం కూడా ఆటగాడికి అందాలి కదా. పైగా ఏస్ అటార్నీలో ఒక్కొక్క సాక్షి వాంగ్మూలం మీద అరగంట కుస్తీ పట్టవలసి వస్తుంది, ఇక్కడ చాలా వాంగ్మూలాలు రెండు మూడు ప్రశ్నలతో తేలిపోతాయి. హాస్యం బాగుందని, చిక్కుముడులు పలచగా ఉన్నాయని నా తీర్పు.

నల్లకోటు రాశారు:

నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. ఈ రెండు ఆటలనూ ఇష్టంగానే ఆడాను కాబట్టి వృత్తి వైపు నుంచి కొన్ని మాటలు చెబుతాను.

ఫీనిక్స్ అభిమాని గారు కోరుతున్న హామీ ఏ న్యాయవాదికీ ఉండదు. సాక్షి బోనెక్కిన రోజున మీ ఫైలులో ఏ కాగితం ఉందో అదే మీ బలం. దస్తావేజు నకలు కోసం వారం ముందు అర్జీ పెట్టకపోతే, ఆ వేళ దాని గురించి ఎంత గొంతు చించుకున్నా న్యాయమూర్తి దృష్టిలో అది లేనట్టే. ముద్దాయి తరఫున ఎవరిని కలవాలి, ఏ చోటును స్వయంగా చూడాలి, ఏ సాక్షిని వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ సగం చీకట్లోనే జరుగుతాయి. రోజుల లెక్క పెట్టి ఆ ఒత్తిడిని ఆటలోకి తీసుకురావడం చిన్న విషయం కాదు. నేను ఆడిన కోర్టు ఆటల్లో విచారణకు ముందరి పనికి ఇంత విలువ ఇచ్చినది ఇదొక్కటే.

ఇక అడ్డు ప్రశ్నల విషయానికి వస్తే రెండు ఆటలూ నిజానికి దూరంగానే ఉన్నాయి. మన దగ్గర సాక్షి ముందొక మాట, తరువాతొక మాట చెబితే దాన్ని బయటపెట్టే పద్ధతి పాత సాక్ష్య చట్టం 145వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై నుంచి అమలులో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలోనూ అదే పద్ధతి కొనసాగుతోంది. మునుపటి లిఖిత వాంగ్మూలంలో ఏ భాగంతో విరుద్ధత ఉందో ఆ భాగాన్ని ముందుగా సాక్షికి చూపాలి, ఆయన కాదంటే ఆ భాగానికి గుర్తు వేయించాలి, ఆ తరువాత దాన్ని నమోదు చేసిన దర్యాప్తు అధికారి చేత రుజువు చేయించాలి. ఇదంతా పూర్తయ్యేసరికి నెలలు గడవవచ్చు. వస్తువు చూపించగానే సాక్షి కూలబడి నిజం ఒప్పుకోవడం బోనులో జరగదు. నిజమైన కేసులో గెలుపు అనేది ప్రాసిక్యూషన్ కథలో అనుమానానికి చోటు మిగిల్చడమే. ఈ ఆటలో కొన్నిచోట్ల ఫాల్కన్ అసలు దోషిని పట్టుకోకుండానే కేసును నిలబెట్టగలుగుతాడు. అటువంటి ఘట్టాలు ఇంకా ఎక్కువగా ఉంటే బాగుండేదని నా కోరిక.

మరొక మాట. ఇందులో ఒప్పించవలసింది జ్యూరీని. మన తరం వారికి అది పరిచయం లేని సంగతి. 1959లో బొంబాయిలో జరిగిన నౌకాదళ అధికారి నానావతి హత్య కేసు విచారణలో జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా నిర్దోషి అని తేల్చింది. సెషన్సు న్యాయమూర్తి దాన్ని అంగీకరించక హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది. ఆ తరువాత మన దేశంలో ఆ పద్ధతి క్రమంగా కనుమరుగై 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. కాబట్టి న్యాయమూర్తికి వినిపించే వాదన ఒక రకంగా, పన్నెండు మంది మామూలు పౌరులకు వినిపించే వాదన మరొక రకంగా ఎందుకుంటుందో తెలుసుకోవడానికి కూడా ఈ ఆట పనికివస్తుంది.

చరిత్ర_పుటలు రాశారు:

నల్లకోటు గారూ, మామూలు పౌరులు అన్న మాట దగ్గర ఒక్క వివరం చేర్చనివ్వండి. 1848 ఫిబ్రవరి వరకు ఫ్రాన్సులో ఓటు హక్కు ఏడాదికి 200 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టగలిగిన మగవారిదే. దాదాపు మూడున్నర కోట్ల జనాభాలో ఓటర్లు రెండున్నర లక్షల లోపే ఉండేవారు. జ్యూరీ జాబితాలను కూడా ముఖ్యంగా ఆ ఓటర్ల నుంచి, కొన్ని చదువుకున్న వృత్తుల వారి నుంచి తయారుచేసేవారు. అంటే ఒక కూలివాడిని బోనులో నిలబెట్టినప్పుడు ఎదురుగా కూర్చున్న పన్నెండు మందిలో కూలివాడు ఒక్కడూ ఉండే అవకాశం లేదన్నమాట. ఇంకొకటి కూడా ఉంది. 1832 నాటి చట్టం నేర తీవ్రతను తగ్గించే పరిస్థితులు ఉన్నాయని చెప్పే అధికారాన్ని జ్యూరీకి ఇచ్చింది. దోషి అని తేల్చి కూడా ప్రాణం నిలబెట్టే వీలు వారికి ఉండేది. ఆటలో తీర్పు దోషి, నిర్దోషి అన్న రెండు మాటలకే పరిమితమైపోవడం ఆ కాలానికి న్యాయం చేయలేదని నాకు అనిపిస్తుంది.

ఆ లోటు అలా ఉంచితే, కాలాన్ని ఎంచుకోవడంలో రచయితల చూపు నాకు ఎంతో నచ్చింది. సభలు పెట్టుకోనివ్వని ప్రభుత్వంలో సంస్కరణవాదులు విందుల పేరుతో గుమిగూడేవారు. ఫిబ్రవరి 22న పారిస్‌లో జరగవలసిన విందును నిషేధించడంతో జనం వీధుల్లోకి వచ్చారు. మరునాడు ప్రధానమంత్రి గీజోను రాజు తొలగించినా, ఆ రాత్రి కపూసీన్ వీధిలో సైనికులు గుంపు మీద కాల్పులు జరిపారు, పదుల సంఖ్యలో చనిపోయారు. 24వ తేదీన రాజు లూయీ ఫిలిప్ గద్దె దిగి ఇంగ్లండు దారి పట్టారు. 26న తాత్కాలిక ప్రభుత్వం రాజకీయ నేరాలకు మరణశిక్షను రద్దు చేసింది. నాలుగు రోజుల తేడాతో ఒకే నేరానికి తల తెగడమో, మిగలడమో జరిగే కాలం అది. అటువంటి నెలలో ఒక లాయరుకు రోజులు లెక్కపెట్టి ఇచ్చారు. పాతబొమ్మలు గారు అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇక్కడే ఉంది. తేదీలు మోసే బరువు ఆటలోకి రావాలంటే ఓటమి నిలిచి తీరాలి. చివరి అంకం మూడు దారులుగా చీలి స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు పేర్లు పెట్టుకోవడం కూడా ఆ బరువును మోయడానికే.

గ్రాన్‌విల్ 1847 మార్చిలోనే కన్నుమూశారు. తాను గీసిన ప్రాణులు తిరుగుబాటు వీధుల్లో నడవడాన్ని ఆయన చూడలేదు. ఆ ప్రభుత్వపు సెన్సారు వల్లనే ఆయన రాజకీయ చిత్రాలు మానుకోవలసి వచ్చింది కాబట్టి, ఆ బొమ్మలతోనే ఆ ప్రభుత్వ పతనాన్ని చెప్పడం ఆయనకు దక్కిన గౌరవమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

స్వరజతి రాశారు:

ఎవరూ సంగీతం మాట ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. ఆటలో ఎక్కువగా వినిపించేది ఫ్రెంచి స్వరకర్త కామీ సాన్‌సాన్స్ రచనలు. కథ జరిగే ఫిబ్రవరిలో ఆయన వయసు పన్నెండేళ్లు. అస్థిపంజరాల నృత్యం 1874 నాటిది, జంతువుల ఉత్సవం 1886 నాటిది కాబట్టి చరిత్ర ప్రకారం ఇవి పొసగవు. అయినా ఎంపిక చక్కగా కుదిరింది. జంతువుల ఉత్సవాన్ని ఆయన సరదాగా రాసుకున్నారు, తన గంభీరమైన పేరుకు మచ్చ వస్తుందని హంస అనే ఒక్క భాగాన్ని తప్ప బతికి ఉండగా అచ్చు కానివ్వలేదు. ఆయన 1921లో పోయాక 1922లో అది పూర్తిగా వెలువడింది. అందులో శిలాజాల భాగంలో తన సొంత అస్థిపంజరాల నృత్యం వరుసనే జైలోఫోను మీద మళ్లీ వాయించి నవ్వించారు. ఒకే బాణీ ఒకచోట చావును, మరొకచోట వినోదాన్ని పలికిస్తుందన్నమాట. స్పారోసన్ మాటలకు నవ్వుతూ నవ్వుతూ గిలెటిన్ దగ్గరికి చేరుకునే ఈ కథకు అంతకన్నా తగిన స్వరకర్త దొరకడు.

విచారణ వేడెక్కినప్పుడు హెడ్‌ఫోను పెట్టుకుని వినండి. అస్థిపంజరాల నృత్యంలో సోలో వయొలిన్ పైతీగను అర స్వరం తగ్గించి శ్రుతి చేస్తారు. అందువల్ల మొదటి పట్టులోనే చెవికి గరుకుగా తగిలే ఒక అపశ్రుతి వస్తుంది. మంచి వయొలిన్ కచేరీలు విన్న మనవారికి అది వెంటనే పట్టుబడుతుంది.

కథామంజూష రాశారు:

ఫీనిక్స్ అభిమాని గారు హాస్యం బాగుందని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నా మటుకు నాకు అసలు చర్చ అక్కడే ఉంది. జంతువుల చేత న్యాయస్థానం నడిపించడం మనకు కొత్త కాదు. పంచతంత్రం కాకోలూకీయంలో కపింజలమనే పక్షి మేత కోసం వెళ్లి తిరిగి వచ్చేసరికి తన తొర్రలో ఒక కుందేలు కాపురం పెట్టి ఉంటుంది. ఇద్దరూ తగవు తీర్చమని నది ఒడ్డున తపస్సు చేస్తున్నట్టు నటిస్తున్న పిల్లి దగ్గరికి వెళతారు. తనకు చెవులు సరిగా వినబడవని, దగ్గరికి వచ్చి చెప్పుకోమని ఆ పిల్లి పిలుస్తుంది. వాది, ప్రతివాది ఇద్దరూ దాని పంజా కిందే తీర్పు అందుకుంటారు. 1678లో వెలువడిన తన రెండో సంపుటం ముందుమాటలో భారతీయ ముని పిల్పే రుణాన్ని ఫ్రెంచి నీతికథల రచయిత లా ఫోంటేన్ బాహాటంగా ఒప్పుకున్నారు. ఆ సంపుటంలోనే ఈ కథ వీజిల్ అనే చిన్న మాంసాహార ప్రాణి, చిన్న కుందేలు, పిల్లి పాత్రలతో కనిపిస్తుంది. లా ఫోంటేన్ కథలన్నిటికీ 1838లో బొమ్మలు గీసినవారు ఎవరనుకున్నారు? ఈ ఆటలో బొమ్మలు గీసిన గ్రాన్‌విల్ గారే. కపింజలం తగవు అన్ని దేశాలు తిరిగి ఆయన బల్ల దాకా చేరింది.

ఆ కథలో నవ్వు ఎక్కడుందో గమనించండి. పిల్లి ధర్మోపన్యాసం చేస్తున్నంతసేపూ మనకు నవ్వు వస్తుంది, ఆఖరి వాక్యంలో ఒళ్లు జలదరిస్తుంది. నవ్వు వెళ్లి భయం రావడానికి మధ్య రచయిత ఎక్కడా సర్దిచెప్పడు. ఏవియరీ అటార్నీ మూడో అంకం దగ్గర స్వరం మార్చుకున్నప్పుడు చాలామంది ఆటగాళ్లు అతుకు కనిపించిందని అన్నారు. నాకు అతుకు కనిపించలేదు. మొదటి అంకంలో ఫాల్కన్, స్పారోసన్ ఒకరినొకరు ఆటపట్టించుకోవడం చూసి వాళ్లను మన వాళ్లుగా చేసుకుంటాము. తరువాత వాళ్లు ఒక కేసు ఓడిపోయి ఆఫీసులో మాటలు లేకుండా నిలబడితే మనకు నిజంగా బాధ కలుగుతుంది. ముందు అంత నవ్వించకపోతే ఆ ఓటమి మనల్ని తాకదు. కాబట్టి పాతబొమ్మలు గారి వాదనకు నాది ఒక చేర్పు: ఓటమి నిలిచి ఉండడం ఒక సగమైతే, ఓడిన వాళ్లు మనకు ఇష్టమైన వాళ్లు కావడం రెండో సగం. ఆ రెండో పనిని హాస్యమే చేసింది.

ఫీనిక్స్_అభిమాని రాశారు:

కథామంజూష గారి మాట ఆలోచింపజేసింది. హాస్యానికి ఉన్న పాత్రను మీరు చెప్పినట్టే ఒప్పుకుంటున్నాను, ముఖ్యంగా కొకోరికో విషయంలో. ప్రాసిక్యూటరును గేలి చేసి వదిలేసే వీలు ఉన్నా రచయితలు ఆ కోడిపుంజుకు నిజాయితీ, ఆత్మగౌరవం ఇచ్చారు. ఎదుటి పక్షం చెడ్డది కానప్పుడు గెలిచినా మనసుకు పూర్తి తృప్తి ఉండదు, ఆ వెలితి ఈ ఆటకు మేలే చేసింది.

కానీ రోజుల లెక్క మీద నా అభ్యంతరం నాదే. నల్లకోటు గారూ, నిజమైన న్యాయవాది సగం చీకట్లో పనిచేసినా ఆయనకు అనుభవం అనే దీపం ఉంటుంది. ఏ పోలీసు స్టేషనులో ఏ కాగితం దొరుకుతుందో, ఎవరిని అడిగితే పని జరుగుతుందో ఆయనకు తెలుసు. ఆటగాడికి ఆ అనుభవం లేదు కాబట్టి ఆ లోటును స్పారోసన్ నోటితో పూరించవలసింది. ఇక్కడికి వెళితే ఇది దొరకవచ్చు, అది పోగొట్టుకుంటాము అని ఒక్క మాట అనిపిస్తే చాలు. 2021లో ఇంగ్లీషులోకి వచ్చిన గ్రేట్ ఏస్ అటార్నీ సంపుటంలో లండను జ్యూరీ ఆరుగురు సభ్యులూ తమ మనసు ఎటు ఉందో విచారణ మధ్యలోనే పైకి చూపిస్తారు, వాళ్ల మాటల్లో పరస్పర విరుద్ధాలను పట్టుకుని మనం వాళ్లను తిప్పుకోవచ్చు. ఓటమి దగ్గరపడుతోందని, ఎందుకు దగ్గరపడుతోందని కూడా ఆటగాడికి అర్థమవుతుంది. నేను కోరేది ఆ పాటి స్పష్టత. దానివల్ల ఓటమి బరువు తగ్గదు.

నల్లకోటు రాశారు:

ఈ సవరణను నేను సంతోషంగా అంగీకరిస్తాను. జూనియరు చేయవలసిన పని కూడా అదే. కేసు కట్ట చదివి, సీనియరు ముందు దారులు పెట్టి, ఒక్కొక్క దారిలో ఏది పోతుందో చెప్పాలి. నిర్ణయం మాత్రం సీనియరుదే. స్పారోసన్ చేత ఆ పని చేయించి ఉంటే హాస్యానికీ చోటు పెరిగేది, ఆటగాడికీ న్యాయం జరిగేది.

కొత్తసభ్యుడు రాశారు:

చర్చ అంతా చదివాను, అందరికీ ధన్యవాదాలు. నేను ఇటువంటి ఆటలు ఇంతవరకు ఆడలేదు. దీనితో మొదలుపెట్టవచ్చా, లేక ముందు ఏస్ అటార్నీ ఆడాలా? కంప్యూటరులో కొనాలా, స్విచ్‌లో కొనాలా అన్నది కూడా దయచేసి చెప్పండి.

పాతబొమ్మలు రాశారు:

నిస్సందేహంగా దీనితో మొదలుపెట్టవచ్చు. ఇది ఒక వారాంతంలో పూర్తవుతుంది, ఏస్ అటార్నీ మొదటి మూడు ఆటల సంపుటం మాత్రం నెల రోజులు పట్టే వ్యవహారం. మాటలన్నీ చదువుకోవలసినవే కాబట్టి ఇంగ్లీషు నిదానంగా చదవగలిగితే చాలు, చేతివేగంతో పని లేదు. బొమ్మల గీతలు చూడాలంటే పెద్ద తెర మంచిది కాబట్టి నేనైతే కంప్యూటరునే సిఫారసు చేస్తాను. స్విచ్ ఉన్నవారు దాన్ని టీవీకి తగిలించి ఆడితే అదే ఫలితం వస్తుంది.

ఆడే పద్ధతి గురించి ఒక మాట చెబుతాను. మొదటిసారి ఏ మార్గదర్శినీ తెరవకుండా, ఓడిన కేసును తిరిగి ఆడకుండా చివరి వరకు వెళ్లండి. ప్రతి రోజూ బయలుదేరే ముందు అప్పటిదాకా సేకరించిన వస్తువుల వివరాలను ఒకసారి చదవండి. ఫీనిక్స్ అభిమాని గారు కోరిన సూచనల్లో కొన్ని ఆ వివరాల్లో ఉన్నాయి, హడావుడిగా ఆడేవారికి అవి కనిపించవు. మొదటి ముగింపు చూశాక మిగిలిన రెండింటి కోసం తిరిగి రండి. మూడో అంకం గురించి విడిగా మరొక చర్చ తెరుస్తాను, ఆడినవారు అక్కడ స్వేచ్ఛగా రాయవచ్చు.